పరిశీలనలో ఉన్న బావి

ఉద్యోగం మారినా లక్ష్యం మారకూడదని పెద్దలు ఉపన్యాసాలిస్తుంటారు. అదెలా సాధ్యమో మాత్రం ఒక్కరూ చెప్పరు. నేను చెబుతాను వినండి. మీ లక్ష్యాన్ని దరఖాస్తుగా రాయించి సర్కారు ఆఫీసులో ఇచ్చేయండి. ఇక ఈ జన్మలో అది మారదు!

నమ్మకం లేదా? అయితే పత్తికొండ తాలూకా దేవేంద్రప్పను చూడండి.

దేవేంద్రప్ప కొర్రా జొన్నా పండించుకునే మెట్టరైతు. ఊళ్లో తాగునీటి బావి లేదు. భార్య భీమమ్మ రోజూ రెండు మైళ్లు నడిచి, వంకలో చెలమ తోడి కడవ నింపుకొచ్చేది. ఒకసారి కడవతో సహా పడి మూడు నెలలు కుంటింది. కుంటుతూనే నీళ్లు మోసింది. అది చూడలేక దేవేంద్రప్ప, ఊరికి బావి తెచ్చి తీరుతానని ఆమెకు మాటిచ్చాడు.

అంతలో కర్నూలు రాజధాని అయింది. దరఖాస్తు చంకన పెట్టుకొని బస్సెక్కాడు. గుడారాల్లో ఆఫీసులు. గుమాస్తా వెంకటేశ్వర్లు కాగితం అందుకుంటూనే "పరిశీలనలో ఉంది" అన్నాడు. మడత కూడా విప్పలేదు. ఎంత చురుకుదనం!

నెలనెలా తిరగలేక, చేను తమ్ముడు గోపన్నకు అప్పజెప్పి, దేవేంద్రప్ప గుడారాల పక్కనే టీ కొట్టు పెట్టాడు. గుమాస్తా టీ తాగుతూ ఆ మాటే అనేవాడు. టీ అమ్మేవాణ్ణి లోపలికి రానివ్వరు గదా! అందుకని ఆ కొట్టూ వదిలి ఆఫీసులోనే పనికి కుదిరాడు. గుడారానికి కట్టిన వట్టివేళ్ల తడికలను పొద్దస్తమానం నీళ్లతో తడపడం ఆ పని. ఇప్పుడు తన ఫైలు చేతికందేంత దూరంలో ఉంది.

ఆలోచించండి. మొదటి వారంలోనే బావి మంజూరై ఉంటే ఏమయ్యేది? పాపం, దేవేంద్రప్ప వట్టి రైతుగా మిగిలిపోయేవాడు. ఇన్ని వృత్తులూ, ఇంత పట్టుదలా ఎక్కణ్ణుంచి వచ్చేవి?

ఇలా రెండేళ్లు గడిచాక, మండు వేసవిలో భీమమ్మ మొగుణ్ణి చూద్దామని కర్నూలు వచ్చింది. అతను తడికల మీద నీళ్లు కుమ్మరిస్తుంటే కాసేపు నిలబడి చూసింది.

"దినానికి ఎన్ని కడవలు పోస్తావు మామా?"

"అరవై దాకా పోస్తాండా" అన్నాడు కాస్త గొప్పగా.

"మన వాడలో అందరికీ అన్నే కదా కావాల్సింది." ఆమె తడి తడికను అరచేత్తో తాకి చూసింది. "లోపల శానా సల్లగుండాది. ఇంగ వాళ్లకు మన ఊరి ఎండ యాడ తెలుస్తాది?"

అంతే, ఆమె సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది. పెళ్లానికి నీళ్లు తెస్తానని వచ్చి ఎవరి గుడారం చల్లబరుస్తున్నాడు తను? దేవేంద్రప్పకు సిగ్గేసింది.

మర్నాడు కడవ బోర్లించి పక్కనే కూర్చున్నాడు. మధ్యాహ్నానికి తడికలు ఎండి గలగలలాడాయి. గుమాస్తా దరఖాస్తులతోనే విసురుకున్నాడు. చివరికి ఆఫీసరు చెమటలు కక్కుకుంటూ బయటికొచ్చాడు.

"నీళ్లేవయ్యా?"

దేవేంద్రప్ప లేచి, చేతులు కట్టుకొని, ఎంతో మర్యాదగా చెప్పాడు. "పరిశీలనలో ఉండాది సార్."

ఉద్యోగం అక్కడికక్కడే పోయింది. ఆ ఆఫీసులో ఒక పని నిమిషంలో జరగడం అదే మొదటిసారి.

లక్ష్యం మాత్రం పోలేదండోయ్. దేవేంద్రప్ప ఊరికొచ్చి గడ్డపార పట్టాడు. గోపన్న తోడు దిగాడు, భీమమ్మ వాడలో ఆడవాళ్లను వెంటేసుకొని తట్టలతో మన్ను మోసింది. ముప్పై అడుగుల దగ్గర రాయి తగిలితే పగలగొట్టారు. నలభై దగ్గర ఊట పడింది.

ఈలోగా రాజధాని హైదరాబాదుకు తరలింది, ఫైలూ పెట్టెలో ప్రయాణమైంది. పోయిన నెల అక్కణ్ణుంచి ఉత్తరమొచ్చింది. బడిపంతులు చదివి చెప్పిపోయాక, బావిగట్టు మీద చేదుకుంటున్న భీమమ్మ అడిగింది.

"ఏముండాదంట దాంట్లో?"

"మన బావి పరిశీలనలో ఉండాదంట."

భీమమ్మ చేద పైకి లాగి, నిండు కడవ అతని ముందు దించింది.

"ఇది పంపీ మామా. తాగి పరిశీలిస్తారు."