సమాన నిద్రల ఉపవిభాగం

పసిపిల్లలను వెంటబెట్టుకుని ఒకే వేసవిలో ఐదు యూరప్ దేశాలు చుట్టి రావడం మానవమాత్రులకు సాధ్యమేనని ఇందుమూలంగా ప్రకటించడమైనది. చుట్టి వస్తామని ముందుగా కాగితం మీద నిరూపించడం ఒక్కటే ఇంకా ఎవరికీ సాధ్యం కాలేదు. ఆ ప్రయత్నంలో మా వాళ్ళు మిగతా జనం కంటే కాస్త ముందుకు వెళ్ళారు కనుక, ప్రజా ప్రయోజనార్థం జరిగింది జరిగినట్టు మనవి చేస్తున్నాను.

మా వాళ్ళంటే మా అక్క, బావ, వాళ్ళ ఇద్దరు పిల్లలు. అక్క పిల్లల పళ్ళ డాక్టరు. పగలంతా పరాయి పిల్లల నోళ్ళు తెరిపిస్తుంది, సాయంత్రం నుంచి సొంత పిల్లల నోళ్ళు మూయిస్తుంది. బావ ట్రాఫిక్ విభాగంలో ఇంజనీరు. ఏ కూడలిలో ఎర్రలైటు ఎంతసేపు వెలగాలో ఆయన నిర్ణయిస్తాడు. (ఖాళీ రోడ్డు ముందు ఎర్రలైటు చూస్తూ మీరెప్పుడైనా ముసలివాళ్ళయిపోయి ఉంటే, అది పొరపాటు కాదు, మా బావ లెక్క.) పెద్దదానికి ఆరేళ్ళు. ఇంట్లో ఏం జరిగినా తీర్పు చెబుతుంది కనుక దాన్ని జడ్జిగారంటాం. చిన్నవాడికి మూడేళ్ళు. ఎక్కడ దించితే అక్కడి నుంచి దొర్లిపోతాడు కనుక వాడు బంతి.

యాత్ర కోరిక అక్కది. క్లినిక్ గోడ మీద ఒక క్యాలెండర్ ఉండేది. అందులో సరస్సు, ఒడ్డున బెంచీ. బెంచీ మీద ఎవరూ లేరు.

"ఆ బెంచీ మీద కూర్చోవాలిరా," అనేది నాతో.

"కూర్చుని?"

"కూర్చుని ఏమీ చెయ్యను. అదే కదా కావాల్సింది."

ఈ కోరిక బావ చేతికి అందేసరికి ప్రాజెక్టు అయింది. అంత దూరం వెళ్ళి ఒక్క దేశమే చూసి వస్తే నలుగురికీ ఏం చెబుతామన్నాడు. ఐదు దేశాలు ఖాయం చేశాడు. గోడకు అతికించేంత పట్టిక తయారుచేశాడు. అందులో రైళ్ళు, కోటలు, మ్యూజియాలతో పాటు బంతి ఏడుపుకు కూడా రోజూ రెండు విడతలు కేటాయించాడు. ఒకటి సాధారణ ఏడుపు, రెండోది అత్యవసర ఏడుపు.

"ఇంతకీ నా బెంచీ ఎక్కడండీ?" అంది అక్క, పట్టిక అంతా వెతికి.

"నాలుగో దేశంలో. మ్యూజియానికీ రైలుకీ మధ్య పెట్టాను చూడు. సాధారణ ఏడుపు త్వరగా ముగిస్తే ఆ సమయమంతా నీదే."

మొదటి అవరోధం ఫోటో దగ్గర వచ్చింది. వీసా ఫోటోలో ముఖం మీద ఏ భావమూ ఉండకూడదని నిబంధన. బంతికి రెండే భావాలు, ఆ రెండూ నోరు తెరిచేవే. ఫోటోగ్రాఫర్ ఈల వేశాడు, గిలక ఊపాడు, చివరికి బతిమాలాడు. వాడు నవ్వితే పళ్ళు కనిపించాయి, ఏడిస్తే కొండనాలుక కనిపించింది. అక్క వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని రోగులకు చెప్పే గొంతుతో, "ఇప్పుడు పెద్దగా నోరు తెరు నాన్నా," అంది. వాడు ఠక్కున మూసేశాడు. ఫోటో కుదిరింది. (బావ ఫోటో మొదటిసారికే కుదిరింది. ఆయన మామూలుగానే అలా ఉంటాడు.)

అసలు సంగతి తరవాత మొదలైంది. ఎన్ని దేశాలు తిరిగినా, ఎక్కువ రాత్రులు ఎక్కడ నిద్రపోతారో ఆ దేశానికే వీసా దరఖాస్తు పెట్టుకోవాలట. మా బావ న్యాయమైన మనిషి. ఏ దేశమూ చిన్నబుచ్చుకోకుండా ఐదింటికీ సమానంగా రాత్రులు పంచాడు. ఆ వివరాలు వీసా యాప్‌లో ఎక్కిస్తే, అది కాసేపు గిరగిరా తిరిగి, "మీ నిద్రలు సమానంగా ఉన్నవి. సమాన నిద్రల ఉపవిభాగం వారి ఎదుట సకుటుంబంగా హాజరు కాగలరు," అంది.

హాజరయ్యాం. బంతిని పట్టుకునే హోదాలో నేనూ వెళ్ళాను.

ఆ ఆఫీసు హాల్లో కుర్చీలన్నీ నేలకు బిగించి ఉన్నాయి. (దరఖాస్తుదారులు నిరీక్షణకు అలవాటుపడి కుర్చీలతో సహా ఇంటికి వెళ్ళిపోతున్నారని ముందుజాగ్రత్త.) "అబద్ధం చెప్పరాదు" అని గోడ నిండా బోర్డు. మా టోకెన్ పిలిచేసరికి జడ్జిగారు ఆ బోర్డును గట్టిగా కూడబలుక్కుంటూ చదివి, "మంచి రూలే," అని ఆమోదించింది.

అద్దం వెనక నిద్రల అధికారి కూర్చుని ఉన్నాడు. ఏసీ చలికి మెడకు మఫ్లరు చుట్టుకున్న మెత్తని మనిషి. పట్టిక అంతా ఓపిగ్గా చూసి, ఒకచోట వేలు పెట్టాడు.

"ఇదిగోండి, ఇక్కడ రాత్రి రైలెక్కి ఒక దేశంలో కళ్ళు మూశారు. ఇంకో దేశంలో తెరిచారు. ఈ నిద్ర ఎవరిది?"

"నాదేనండి," అన్నాడు బావ.

"ఏ దేశానిదని అడుగుతున్నాను."

బావ పట్టికలో ఆ గడి వెతికాడు. అధికారి జాలిపడి, "పోనీ, మీకు నిద్ర ఎంతసేపటికి పడుతుంది?" అన్నాడు.

"ఆయనకా? తల దిండుకు తగలడానికి ముందే," అంది అక్క.

"అయితే ఎక్కిన దేశానిదే. మీరు మొదటి దేశానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు." కీబోర్డు మీద టకటకా కొట్టుకున్నాడు. "పాపా, నువ్వెక్కడ నిద్రపోతావమ్మా?"

జడ్జిగారు ఆలోచించింది. "పైమంచం ఉన్న హోటల్లో. వేరేచోట పడుకోను. పడుకున్నట్టు నటిస్తాను."

"నటన లెక్కలోకి రాదు. పాప రెండో దేశం. మరి బాబు?"

"వీడు కదులుతుంటేనే పడుకుంటాడండి," అన్నాను నేను, వాణ్ణి ఊపుతూ. "ఆగితే లేస్తాడు."

"అంటే చలన నిద్ర. రైలు ఏ దేశానిదైతే ఆ నిద్ర ఆ దేశానిది. బాబు మూడో దేశం." ఒకే కుటుంబం మూడు దేశాలకు చెందిపోవడం ఆయనకు ఏమాత్రం వింతగా అనిపించలేదు. ప్రసన్నంగా అక్కవైపు తిరిగాడు. "మేడం, మీరు?"

"నేను పిల్లలతో వెళ్తున్నానండి."

"అది తెలుసండి. మీ నిద్ర?"

అక్క నిజంగానే ఆలోచనలో పడింది. ఆ ప్రశ్న తనను ఇంతవరకూ ఎవరూ అడగలేదని ఆమె ముఖం చూస్తే నాకు అర్థమైంది.

"బంతి లేచినప్పుడల్లా లేస్తానండి. వాడు పడుకున్నాక ఇది మంచినీళ్ళు అడుగుతుంది. ఇద్దరూ పడుకుంటే ఈయన గురక అందుకుంటారు. మధ్యలో కాస్త కళ్ళు మూస్తాను గానీ, దాన్ని నిద్ర అని రాయించుకోలేను."

"అది ప్రయాణంలో. మరి ఇంట్లో?"

"ఇంట్లోనూ అంతేనండి."

"ఎప్పట్నించి?"

"జడ్జిగారు పుట్టినప్పట్నించి."

బావ వంగి గుసగుసగా, "ఏదో ఒక దేశం చెప్పెయ్యవే. నాలుగోది ఖాళీగానే ఉంది," అన్నాడు.

"అబద్ధం చెప్పకూడదని ఉంది కదండీ," అంది అక్క. పక్కన జడ్జిగారు తలాడించింది.

అధికారి కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. తరవాత, "నిద్ర, శూన్యం," అని పైకి చదువుకుంటూ కొట్టాడు. తెర ఎర్రబడింది. "నిద్రపోని వ్యక్తికి ముఖ్య గమ్యం ఉండదండి. ముఖ్య గమ్యం లేని వ్యక్తి ఎక్కడికీ వెళ్తున్నట్టు కాదు. పైవాళ్ళకు పంపిస్తాను, చూద్దాం." మేం లేస్తుంటే మఫ్లరు సర్దుకుంటూ, "మాకూ ఇద్దరు పిల్లలేనండి. మా ఆవిడ నిద్రపోతుందో లేదో... ఎప్పుడూ అడగలేదు," అన్నాడు, తనలో తాను అనుకుంటున్నట్టు.

కొన్నాళ్ళకు పాస్‌పోర్టులు ఇంటికి వచ్చాయి. మూడింటిలో వీసాలు, నాలుగోదానిలో ఒక ఉత్తర్వు. బావ దాన్ని పైకి చదివాడు.

"దరఖాస్తుదారు ఏ దేశంలోనూ నిద్రపోగలనని నిరూపించలేకపోయారు. స్వదేశంలోనైనా నిద్రపోతున్నట్టు ఆధారాలు లేవు. ఈ పరిస్థితిలో ఆమె యాత్ర ముగించుకుని ఇంటికి తిరిగి రావడానికి తగిన కారణం కనిపించనందున దరఖాస్తు తిరస్కరించడమైనది."

అక్క ముందు పకపకా నవ్వింది. తరవాత వంటింట్లోకి వెళ్ళింది. కడగడానికి గిన్నెలేవీ లేవు గానీ, కుళాయి చాలాసేపు పారింది.

"మానేద్దాం," అన్నాడు బావ. "మీ అక్క లేకుండా ఏం వెళ్తాం? మానేద్దాం."

జడ్జిగారు తీర్పు చెప్పింది. "మానేస్తే అందరం ఏడవాలి. వెళ్తే అమ్మ ఒక్కతే ఏడవాలి. వెళ్దాం."

అక్క చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు మామూలుగానే ఉంది. "అది చెప్పింది నిజమే. మీరు వెళ్ళి రండి."

"నేనొక్కడినా? ఇద్దరితోనా?"

"పట్టిక ఉంది కదండీ."

వెళ్ళారు. విమానాశ్రయంలో బంతి అత్యవసర ఏడుపు మొత్తం బయలుదేరకముందే వాడేసుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం దాకా అక్క ఫోన్ ఎత్తలేదు. నా దగ్గరున్న వాళ్ళింటి తాళంచెవి పట్టుకుని పరుగెత్తాను. అక్క పిల్లల మంచం మీద, చెప్పులతో సహా, ఎలుగుబంటి బొమ్మ తలకింద పెట్టుకుని పడి ఉంది. ఊపిరి ఆడుతోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టాను.

"తలుపు దగ్గరగా వేసి పోరా," అంది, కళ్ళు తెరవకుండా.

అప్పట్నించి బావ ఫోన్లు నాకే వచ్చేవి.

"బంతి బూటు ఒకటి మొదటి దేశంలో ఉండిపోయింది. మేం రెండో దేశంలో ఉన్నాం. జ్వరం మందు ఏ సంచిలో ఉందో మీ అక్కని అడుగు."

"నిద్రపోతోంది బావా."

"ఇంకానా?"

ఇంకోరోజు జడ వెయ్యడం ఎలాగో వివరంగా చెప్పమన్నాడు. మూడో దేశం చేరాక పట్టిక సంగతి ఎత్తితే, "ఆ మాట అనకు," అన్నాడు. ఫోటోల్లో ప్రపంచ ప్రఖ్యాత కట్టడాలన్నీ బంతి నోటి వెనక అస్పష్టంగా కనిపించేవి. నాలుగో దేశం నుంచి మాత్రం కాస్త నింపాదిగా మాట్లాడాడు.

"ఆ బెంచీ దొరికిందిరా. అచ్చం అదే."

"కూర్చున్నావా బావా?"

"లేదు. దానిమీద బంతి ప్యాంట్లు ఆరేశాను."

తిరిగొచ్చిన రోజు అక్కా నేనూ ఎదురు వెళ్ళాం. బావ ఒక భుజం మీద బంతి, ఇంకో భుజానికి ఆరని తువ్వాలు. గడ్డం మాసిపోయింది. జడ్జిగారి జడ తాడు పేనినట్టుంది. "మూడో దేశంలో జారుడుబల్ల బాగుంది," అని అది తీర్పు వినిపించింది. "మిగతా దేశాలు అక్కర్లేదు."

బావ అక్క ముఖంలోకి తేరిపార చూశాడు. కళ్ళకింద నలుపు పోయింది, బుగ్గలు నిండాయి.

"నువ్వు రోజూ చేసేది ఇదేనా?" అన్నాడు.

"రోజూ ఇదే కాదండీ. రోజూ అయితే క్లినిక్ కూడా ఉంటుంది," అంది అక్క, బంతిని అందుకుంటూ.

ఆ మాట బావ మనసులో బాగా నాటుకున్నట్టుంది. వారం తిరక్కుండా అప్పీలు రాసుకొచ్చాడు. పైఏడు అక్క ఒక్కతే వెళ్ళాలట, పిల్లల్ని తను చూసుకుంటాడట. "నా భార్య ప్రతిరాత్రీ హాయిగా నిద్రపోవుచున్నదని భర్తగా ధ్రువీకరించుచున్నాను," అని కింద సంతకం కూడా పెట్టేశాడు.

అక్క ఆ కాగితం రెండుసార్లు చదివింది.

"ఇది ఇస్తే ఆ ఉత్తర్వు రద్దయిపోతుందా?"

"మొత్తం రద్దయిపోతుంది," అన్నాడు బావ ఉత్సాహంగా.

"అయితే వద్దు," అంది అక్క. బీరువాలోంచి ఆ తిరస్కరణ ఉత్తర్వు తీసి నా చేతిలో పెట్టి, ఫ్రేము కట్టించుకు రమ్మంది.

"ఇదెందుకక్కా?"

"నేను నిద్రపోవట్లేదని ఒక్కరైనా గమనించి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చారురా. పారేసుకుంటే మళ్ళీ ఇస్తారో లేదో."