జూరాల నీళ్లలో వేపాయింటు

ఆదివారం పొద్దున్నే గద్వాల నేతగాడు కురుమూర్తి మగ్గం మీద గుడ్డ కప్పి, మెడలో జీపీఎస్ పెట్టె తగిలించుకున్నాడు. కొడుక్కి పిల్లనిచ్చిన వియ్యంకుడు శంకరయ్య ఆ రోజు వనపర్తి నుంచి భోజనానికి వస్తున్నాడు. "మగ్గం గుంతల కాళ్లు పెట్టి కూసునేటోనికి చాపలేం దొరుకుతయి బావా?" అని పెళ్లిలో నవ్వినవాడు ఆయనే. తాను పట్టిన చేపే ఆయన విస్తట్లో వడ్డిస్తానని కురుమూర్తి నలుగురి ముందు మాటిచ్చాడు. తప్పితే బతికినంత కాలం ఆ నవ్వు వినాలి.

"బజార్ల కొనుక్కరారాదు? అన్నకేం ఎరుక?" అంది భార్య స్వరూప.

"నాకెరుకనే! దసరాకు చాపలు పొర్లిన జాగల వేపాయింటు పెట్టిన. అంటే గుర్తు. ఈ పెట్టె సక్కగ ఆడికే తీస్కపోతది. నువ్వు మసాల నూరు."

జూరాల జలాశయం ఒడ్డున పుట్టి పడవను నడిపే యోసేపు సిద్ధంగా ఉన్నాడు. నీళ్లలోకి వెళ్లగానే కురుమూర్తి పాఠం మొదలుపెట్టాడు.

"బేరింగ్ అంటే మనం పోవాల్సిన దిక్కు. హెడ్డింగ్ అంటే పుట్టి ముఖం ఉన్న దిక్కు. రెండూ కలవాలె."

"పుట్టికి ముఖం ఏడుంటదన్నా? గంప లెక్క గుండ్రంగుంటది."

యోసేపు తెడ్డు వేసినకొద్దీ పుట్టి తిరిగింది. దానితోపాటు తెరమీద బాణమూ గిరగిరా తిరిగింది.

"బాణాన్ని ఆపు!"

"పుట్టినే ఆపలేకున్న, బాణాన్నేడ ఆపాలె?"

ఇద్దరికీ కళ్లు తిరిగాయి. కురుమూర్తి పెట్టెను గట్టిగా పట్టుకోవడంతో ఆపదలో నొక్కే బొత్తాం నొక్కుకుపోయి, అది కుయ్యోమని మోగసాగింది. అప్పుడే స్వరూప ఫోన్ చేసింది.

"అన్న పొద్దుగాల్నే దిగిండు. ఏందా సప్పుడు?"

"అదా? మనిషి నీళ్లల్ల పడ్డడని..." అని బొత్తాం సంగతి వివరించేలోపు సిగ్నల్ పోయింది.

కురుమూర్తి ఏ మాత్రం తొణకలేదు. చాలాసేపటికి పుట్టి బురదకు తగిలింది. వేపాయింటు ఇంకా ముందే ఉంది. ఇద్దరూ దిగి, వల భుజాన వేసుకుని నడిచారు. చేరారన్నట్టు పెట్టె టక్కుమంది. ఎదురుగా, నీళ్లు వెనక్కి తగ్గిన నేలమీద పుచ్చకాయ తోట ఉంది. మధ్యలో కొడవలితో ఆ తోట సాగుచేసే బాలనాగమ్మ నిలబడింది.

"వల తెచ్చిర్రేందయ్యా? నా కాయలు ఉరుకుతయా?"

"ఈడ నీళ్లుండాలె," అన్నాడు కురుమూర్తి ధీమాగా.

"దసరాకుండె. ఇప్పుడు కాయల్ల ఉన్నయి, తిను."

ఆమె కోసిచ్చిన కాయ తిని, నీడన సేదతీరి తిరిగొచ్చేసరికి, కట్టని పుట్టి గాలికి కొట్టుకుపోయి నడినీళ్లలో ఖాళీగా తిరుగుతోంది. చిన్న పాయకు అవతల, ఫోన్లో ఆ సగం మాట విని ఆటోలో వచ్చిపడిన స్వరూప గొల్లుమంటోంది. శంకరయ్య తెల్లపంచెతోనే నడుములోతు దిగి, ఎవరిదో వల లాక్కుని, శవం కోసం విసురుతున్నాడు.

"మా బావ లెక్క చాపలు పట్టేటోడు పాలమూరు మొత్తంల లేడు!" అని ఆయన గుండెలు బాదుకుంటున్నాడు.

యోసేపు కేకెయ్యబోతే కురుమూర్తి అతని నోరు మూసి తుమ్మచెట్టు చాటుకు లాగాడు. "ఆగు తమ్మీ, ఇంకో రెండు మాటలు అననీ."

ఇంతలో వల బరువెక్కింది. "దొరికిండు!" అని శంకరయ్య కళ్లు మూసుకుని లాగాడు. వలలో పసిపిల్లాడంత బొచ్చె చేప! అది ఎగిరెగిరి వల అంచు దాటబోయింది. కురుమూర్తికి ప్రాణం ఆగలేదు.

"బావా! తోక కాడ పట్టు, జారిపోతది!"

చెట్టు చాటు నుంచి వచ్చిన ఆ గొంతు విని స్వరూప ఏడుపు ఆపి, చెప్పు కోసం వంగింది.

మధ్యాహ్నం పులుసు బాగా కుదిరింది. వడ్డించింది మాత్రం పట్టినవాడికే. శంకరయ్య ఇప్పటికీ ఆ చేప ఎంత పెద్దదో రెండు చేతులూ చాచి వనపర్తంతా చెబుతుంటాడు. ఆయన వెతికిన వియ్యంకుడు కూడా దొరికాడా అని ఎవరూ అడగరు.