వలలో పడ్డ దొరగారి సైకిలు

అరవై రెండో సంవత్సరం వేసవిలో ఒక శనివారం పొద్దున, సమాధానం మాస్టారు తన ఎనిమిది సైకిళ్ళనూ గదిలోంచి ఒక్కొక్కటిగా తెచ్చి వీధి గోడ వెంబడి వరసగా నిలబెట్టారు. సోమవారం అత్తగారు రెబెక్కమ్మ కాలికి కట్టుతో నెల్లూరు ఆసుపత్రి నుంచి నేరుగా ఇక్కడికే వస్తున్నారు. ఆవిడకు ఆ గది కావాలి. అందుచేత మూడు సైకిళ్ళు ఉండవచ్చు, ఐదు పోవాలి. ఇది ఆయన భార్య జయశీల చేసిన తీర్మానం. ఆయన చేయవలసిందల్లా ఏ ఐదో చెప్పడం.

సమాధానం చిల్లకూరులో లెక్కల మాస్టారు. పాత సైకిళ్ళంటే ఆయనకు ప్రాణం. స్వదేశానికి వెళ్ళిపోతూ మిషనరీ దొరగారు వదిలేసిన నల్ల సైకిలు, తపాలావాళ్ళు వేలం వేసిన ఎర్ర సైకిలు, ఇలా పదిహేనేళ్ళలో గది నిండింది. ఆదివారం ఆరాధన కాగానే ఇంటికొచ్చి వాటిని తుడిచి, కొబ్బరినూనె రాసి, మొహం కనపడేలా మెరిపించేవారు. ఎక్కేవారు మాత్రం కాదు. ఏ సైకిలుకు ఏ జబ్బుందో ఆయనకు తెలుసు. ఆ విషయం ఇంకెవరికీ తెలియదు.

"ఏవండీ, ఎండెక్కింది. తేల్చినారా?" అంది జయశీల గుమ్మంలోంచి.

"తపాలా సైకిలు పంపించేద్దామనుకున్నా. కానీ దాని గంట చూడు. ఇట్టాంటి గంట ఇప్పుడు చెయ్యడం లేదు."

"గంట ఉంచుకోండి. సైకిలు పంపించండి."

మాస్టారు ఆ గంటను ఒకసారి మోగించారు. "మాలకొండయ్యను పిల్చుకొస్తా. ఆయన చూసినాక చెప్తా" అని కండువా వేసుకుని బయలుదేరారు. మాలకొండయ్య పెద్దరోడ్డు మీద సైకిలు షాపు పెట్టుకున్న మనిషి. పాతవి కొంటాడు.

ఆయన అటు వెళ్ళగానే ఇటు ఐదుగురు మనుషులు వచ్చారు. ఉతికిన పంచెలు, తలలకు నూనె, ఒకాయన చేతిలో గుడ్డ కప్పిన పళ్ళెం. పళ్ళెం పట్టుకున్న పెద్దాయన పేరు చిన్నపోలయ్య. పులికాట్ చెరువు ఒడ్డున చేపలు పట్టుకునే మనిషి.

"అమ్మా, సైకిళ్ళు ఇయ్యేనా?"

"మాలకొండయ్య పంపించినాడా?"

"అవునమ్మా, ఆయనే ఈ వీధి చూపించినాడు. ఐదు కావాల. మిగతా సంగతి సాయంత్రం మాట్లాడుకుందాం."

సరిగ్గా ఐదు! జయశీల లోలోపల దేవుణ్ణి స్తుతించింది. భర్త తిరిగొచ్చాడంటే మనసు మార్చుకుంటాడు. అంచేత ఆయన ఎక్కువసేపు తుడిచే ఐదింటిని చకచకా ఏరి వాళ్ళ చేతికిచ్చి, వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా నిలబడి చూసింది.

అరగంటకు మాస్టారు నవ్వు మొహంతో వచ్చారు. "షాపు మూసి ఉండాది. మాలకొండయ్య కూతురి ఊరికి పోయినాడంట, బుధవారం దాకా రాడు" అంటూ గోడ వైపు చూసి ఆగిపోయారు. "మిగతావి ఏవి?"

"మాలకొండయ్య మనుషులు తీసుకపోయినారు."

"ఆయన ఊళ్ళోనే లేడే!"

మాస్టారు చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరుగెత్తారు. అక్కడ ఒక బస్సు ముందు మూత తెరుచుకుని పొగలు కక్కుతూ నిలబడి ఉంది. మాలకొండయ్య పంపించాడని చెప్పిన ఐదుగురు మనుషుల్ని చూశావా అని కండక్టరును అడిగారు.

"నేనే పంపించినా సార్. నా పేరు కూడా మాలకొండయ్యే. బస్సు కదల్లేదు. పాపం, పెళ్ళికొడుకు వాళ్ళు, పన్నెండు లోపల తాంబూలాలు మార్చుకోవాలంట. మీ గోడకాడ సైకిళ్ళు చూసి, అద్దె షాపు కొత్తగా పెట్టినారనుకున్నా."

"ఎటు పోయినారు?"

"కాలవ అవతల పాళేనికి."

దొంగలు కారని తెలిసినా మాస్టారు తేలికపడలేదు. పాళెం చేరాలంటే బకింగ్‌హామ్ కాలవ వంతెన ఎక్కి దిగాలి. అటువైపు వాలు దిగడమంటే గోడ మీదినుంచి జారినట్టుంటుంది. దొరగారి సైకిలుకు బ్రేకులు లేవు.

ఇంటికొచ్చి, మిగిలిన మూడింటిలో కాస్త నడిచేదాన్ని తీసుకుని, జేబులో పానా వేసుకున్నారు. సంగతి విన్న జయశీల నోటిమీద చెయ్యేసుకుంది. "అయ్యో, నా చేతులతో ఇచ్చి పంపించినానే! బ్రేకుల్లేవని నాకు ఎప్పుడన్నా చెప్పినారా?"

"చెప్తే బయట పారెయ్యమంటావని చెప్పలేదు" అని ఆయన పెడలు మీద కాలేశారు.

మైలు దూరంలో మొదటివాడు కనిపించాడు. ఊడిన గొలుసు చేత్తో పట్టుకుని, పంచె నిండా నల్లటి మరకలతో దారి పక్కన కూర్చున్నాడు. ఇంకాస్త ముందు రెండోవాడు తపాలా సైకిలు ముందు చక్రం కోసం చేలో వెతుకుతున్నాడు. మూడోవాడు హ్యాండిలు ఎడమకు తిప్పితే సైకిలు కుడికి పోయిందని తుమ్మకంపలోంచి చెప్పాడు. "ఉండండి, మళ్ళీ వస్తా, క్షమించండి" అంటూ మాస్టారు ఆగకుండా తొక్కారు. ఆ తరవాత చిన్నపోలయ్య. సీటు గిర్రున తిరిగిపోతూంటే విసుగెత్తి, సైకిలు నెట్టుకుంటూ, పళ్ళెం నెత్తిన పెట్టుకుని నడుస్తున్నాడు.

"దొరగారి సైకిలు, ఆ నల్లది, ఎవరెక్కినారు?"

"మావాడే సార్, పోలేరయ్య. పెళ్ళికొడుకు గదా, తళతళలాడేది వాడికిచ్చినాం."

అంతవరకు మాస్టారి మనసులో నలుగుతున్నది సైకిలే. ఇంతసేపూ ఒక మనిషి ప్రాణం గుర్తు రాలేదే అని సిగ్గేసింది. ఆ తళతళ తన చేతులు పెట్టిందే. "ప్రభువా, సైకిలు పోతే పోయింది, పిల్లవాణ్ణి కాపాడు" అంటూ వంతెన ఎక్కారు. అవతల ఒడ్డున జనం గుంపుగా కేకలు పెడుతున్నారు.

వాలు కింద, కర్రల మీద ఆరేసిన వలలన్నీ ఒక్కచోట ముద్దయి ఉన్నాయి. ఆ ముద్దలోంచి ఒక చక్రం ఆకాశం వైపు తిరుగుతోంది. దాని పక్కన పోలేరయ్య మెడ దాకా వలలో చుట్టుకుపోయి, కాబోయే మామగారికి దండం పెట్టడానికి చేతులు వెతుక్కుంటున్నాడు. ఒంటిమీద గీత పడలేదు. మాస్టారు అక్కడే ఇసకలో కూలబడ్డారు.

పెళ్ళికూతురి తండ్రి కామాక్షయ్య పెళ్ళికొడుకును చాలాసేపు తేరిపార చూశాడు. వెనకనే చేరుకున్న చిన్నపోలయ్య పళ్ళెం నెత్తిమీంచి దించాడు. చినిగిన వలలకు తగాదా తప్పదని మాస్టారికి అర్థమైంది.

"పిల్లోడు పిరికోడు, అలలంటే భయమని ఎవరో చెప్పినారు" అన్నాడు కామాక్షయ్య నెమ్మదిగా. "ఈ వాలులో నేనే దిగి నడుస్తా. వీడు బ్రేకు కూడా పట్టకుండా దిగినాడే!"

"నేను బ్రేకు కోసరమే ఎతికినా మా..." అనబోయిన పోలేరయ్య కాలు చిన్నపోలయ్య గట్టిగా తొక్కాడు.

"మా వలలో పడినోణ్ణి తిరిగిచ్చేది లేదు" అని పెళ్ళికూతురి అవ్వ అంకాలమ్మ పకపకా నవ్వింది. పన్నెండుకు ఐదు నిమిషాలుండగా తాంబూలాలు మారాయి.

భోజనాలయ్యాక కామాక్షయ్య మాస్టారి దగ్గరికి వచ్చాడు. "అయ్యా, ఆ సైకిలు మాకియ్యండి. కలిసొచ్చిన సైకిలు. ఎక్కంలే, పందిట్లో నిలబెట్టుకుంటాం." మాస్టారు సీటు మీద చెయ్యి వేశారు. పొద్దున రెండు గంటలు తేల్చుకోలేని మాట ఇప్పుడు ఇట్టే నోటికి వచ్చింది. "పెట్టుకోండి. కానీ ఎవర్నీ ఎక్కనియ్యొద్దు."

సాయంత్రం, దారిలో చిక్కుకున్న ముగ్గురితో కలిపి ఐదుగురూ మిగతా నాలుగు సైకిళ్ళనూ నెట్టుకుంటూ మాస్టారితోపాటు చిల్లకూరు చేరారు. జయశీల మజ్జిగ ఇచ్చింది. ఒకటి వదులుకున్నాక మాస్టారికి మిగతావి వదులుకోవడం కష్టమనిపించలేదు. "ఈ నాలుగూ మీరే తీసుకోండి. ఊరికే ఇస్తున్నా. అన్నీ నేనే బిగించిస్తా" అన్నారు. జయశీల కళ్ళు మెరిశాయి.

చిన్నపోలయ్య గ్లాసు అరుగు మీద పెట్టి రెండు చేతులూ జోడించాడు.

"వద్దు సామీ. మాకు కాళ్ళుండాయి."

"బస్సు ఇంకా కదల్లేదంట. ఇంత దూరం ఎట్టా పోతారు? అలిసిపోయినారు కూడా."

"ఏం అలుపు లేదు సామీ" అంటూనే వాళ్ళు వీధిలోకి దిగారు. అంత అలసిపోయిన మనుషులు అంత వేగంగా నడవడం మాస్టారు ఎన్నడూ చూడలేదు.