ప్లాస్టిక్ తొడిగిన ఫైలు

పదింటికి ఆఫీసులో ఫైలు ఇచ్చేయాలి, పదిన్నరకు రసీదు పుచ్చుకోవాలి, పదకొండుకు షాపు తెరవాలి. ఆ ఉదయం షాపాయన వేసుకున్న పథకం ఇంతే. అతనికి బజారులో జిరాక్సు, లామినేషను షాపు ఉంది. జిరాక్సు అతనికి బతుకుతెరువు, లామినేషను భక్తి. గ్యాసు బిల్లుకీ, భార్య గుర్తింపు కార్డుకీ, ఆమెతో మొదటిసారి కలిసి ఎక్కిన బస్సు టిక్కెట్టుకీ కూడా ప్లాస్టిక్ తొడిగి పెట్టాడు. ఇంట్లో కాగితమన్నది చెమట తగలకుండా, చిరగకుండా, చచ్చినా కుళ్లకుండా ఉంటుంది.

ఆ రోజు ఫైలు మాత్రం గ్యాసు బిల్లు లాంటిది కాదు. అతని భార్య స్కూల్లో డ్రాయింగ్ టీచరు. పెళ్లయి ఎనిమిదేళ్లయింది. ఆమె గర్భసంచి బిడ్డను మోయలేదని ముగ్గురు డాక్టర్లు మూడు రకాల మర్యాదలతో చెప్పారు. సరోగసీ, అంటే బిడ్డను ఇంకొకరు మోసిపెట్టడం, ఒక్కటే దారి అన్నారు. అప్పుడు టీచరు అక్క, షాపాయనకు వదిన, సిటీ బస్సు నడిపే ఆవిడ, పెద్దగా ఆలోచించకుండానే, "నా దగ్గరుంది కదే. ఇద్దరు పిల్లలు పుట్టాక ఖాళీగానే ఉంది" అంది. ఆమె భర్త కూడా ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోతే ఏమవుతుందో ఆయనకు తెలుసు.

చట్టానికి మాత్రం అంత తొందర లేదు. మోసే మనిషికి పెళ్లయి ఉండాలి, సొంత బిడ్డ ఉండాలి, డబ్బు పుచ్చుకోకూడదు, జన్మకు ఒక్కసారే మోయాలి, అనుమతి వచ్చేనాటికి ముప్పై అయిదు నిండకూడదు. వదినగారికి ఇంకో పదకొండు రోజుల్లో ముప్పై అయిదు నిండుతాయి. అనుమతులిచ్చే కమిటీ నెలకు ఒకసారే కూర్చుంటుంది. ఈ నెల ఆ మధ్యాహ్నం రెండింటికి కూర్చుంటోంది. ఇవాళ దాటితే ఇక వేరే వదిన లేదు.

ఈ సంగతి షాపాయన తల్లికి చెప్పలేదు. పని జరక్కపోతే ఆవిడ దిగులు కూడా తామే మోయాలని భయం. ఇంటి లోను కాగితాలని చెప్పి ఫైలు సంచిని రెండు రోజులు ఆవిడ మంచం కిందే ఉంచారు. ఆవిడ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడగకపోవడం ఆవిడ స్వభావం కాదని అప్పుడెవరికీ తట్టలేదు.

ముందురోజు సాయంత్రం షాపాయన సంచిని షాపుకు తీసుకెళ్లి, ఎవరికీ చెప్పకుండా, ప్రేమకొద్దీ పద్నాలుగు కాగితాలకూ లామినేషను చేశాడు. అందుకే పదీ అయిదుకు కౌంటరులో గుమాస్తా మేడమ్ ఫైలు తెరవగానే ఆవిడ కళ్లజోడులో ట్యూబులైటు పద్నాలుగుసార్లు మెరిసింది.

ఆవిడ రబ్బరుముద్ర తీసి పెళ్లి సర్టిఫికెట్ మీద కొట్టింది. తర్వాత బొటనవేలితో తుడిచింది. ముద్ర మొత్తం వేలికొచ్చింది.

"చూశారా," అంది, "మీ కాగితం మీద ప్రభుత్వం నిలబడట్లేదు."

ప్రతి అసలు కాగితం మీదా ముద్ర పడాలట, దాని మీద అధికారి పెన్నుతో సంతకం చెయ్యాలట. ప్లాస్టిక్ మీద రెండూ కుదరవు. కౌంటరు ఒంటిగంటకు మూసేస్తారు. "ఒలిచి పట్రండి" అని ఆవిడ తర్వాతి వాళ్లను పిలిచింది.

టీచరు ఏమీ అనలేదు. ఎనిమిదేళ్ల కాపురంలో ఆమె ఏమీ అనకపోవడం ఇది రెండోసారి. మొదటిసారి డాక్టరు గదిలో.

షాపుకు పరుగెత్తారు. వేడి చేస్తే ప్లాస్టిక్ వదులుతుందని షాపాయన నమ్మకం. పాతికేళ్ల అనుభవంలో ఒక్కసారి కూడా ఒలవలేదు కాబట్టి ఆ నమ్మకానికి ఇంతవరకు ఏ దెబ్బా తగల్లేదు. ఇస్త్రీపెట్టె సన్నని వేడిలో పెట్టి, గుడ్డ పరిచి, పెళ్లి సర్టిఫికెట్ మీద ఆనించాడు. ప్లాస్టిక్ లేచింది. దాంతో పాటు వధూవరుల పేర్లు కూడా లేచిపోయాయి. తెల్లకాగితం మీద రిజిస్ట్రారు ముద్ర సగం మిగిలింది. వదినగారి సమ్మతి పత్రమైతే ఎండుటాకులా ముడుచుకుని మళ్లీ విచ్చుకోలేదు.

"మనకి పెళ్లి కూడా లేదన్నమాట ఇప్పుడు," అంది టీచరు.

ఆమె మాట్లాడినందుకు అతనికి ప్రాణం లేచొచ్చింది. సమ్మతి పత్రం ఖాళీ ఫారం మీద మళ్లీ రాయించుకోవచ్చు, వదిన ఆఫీసుకొచ్చి సంతకం పెడితే చాలు, ఒలవని మిగతా పన్నెండింటికీ మేడమ్ కాళ్లు పట్టుకుందాం అన్నాడు. రిజిస్ట్రారు ముద్రతో ఇచ్చిన రెండో పెళ్లి సర్టిఫికెట్ ఇంట్లో బీరువాలో ఏమైనా ఉందేమోనని టీచరు అత్తగారికి ఫోను చేసింది. లోనుకి అని మొదలుపెట్టి, మొత్తం నిజం ఒక్క గుక్కలో చెప్పేసింది. అవతల ఫోను పెట్టేసిన చప్పుడైంది. అమ్మకు కోపమొచ్చింది, ఇక ఇల్లు కూడా పోయిందనుకున్నాడు షాపాయన.

వదినగారు ఆ సమయానికి ఏడో నంబరు బస్సు నడుపుతోంది. ఇద్దరూ స్టాపులో కాపు కాసి ఎక్కారు. డ్రైవరు సీటు వెనక కమ్మీ పట్టుకుని టీచరు జరిగింది చెవిలో చెబుదామనుకుంది. ఇంజను హోరుకి గొంతు పెంచాల్సొచ్చింది. మూడో సీటు దాకా అందరికీ వివరంగా, ఆ వెనకవాళ్లకి స్థూలంగా అర్థమైంది.

"ఇస్త్రీ చేశావా మరిదీ," అంది వదినగారు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "నా గర్భం కాగితం మీద ఇస్త్రీ చేశావా."

సంచీ ఒళ్లో పెట్టుకున్న ఒక పెద్దాయన ముందుకు వంగాడు. "అద్దె గర్భమా అమ్మా. అద్దె ఎంత?"

"అద్దె లేదు బాబాయ్. తీసుకుంటే జైలు. మందులు, ఆసుపత్రి ఖర్చులు, నాకు మూడేళ్ల బీమా వాళ్లు పెట్టుకోవాలి. అంతే."

"అద్దె లేకుండా ఈ ఊళ్లో కుర్చీ కూడా దొరకదు," అన్నాడాయన. సంచీ సర్దుకుని, "మంచిపనే," అన్నాడు.

అక్కణ్ణుంచి బస్సు రెండు వర్గాలైంది. కడుపు ఇంకొకరికిస్తే బిడ్డ ఎవరిని అమ్మా అంటుందని ఒకరు, పిలిస్తే ఇద్దరూ పలుకుతారని ఇంకొకరు. రెండు వర్గాలకూ తేడా ఎంతున్నా, కాగితానికి ఇస్త్రీ చేసినవాడు మూర్ఖుడన్న విషయంలో ఏకాభిప్రాయం కుదిరింది.

ఏడో నంబరు ఆఫీసు ముందు నుంచే పోతుంది. వదినగారు బండి పక్కన ఆపి, పది నిమిషాల్లో వస్తానని చెప్పి దిగింది. వాదన మధ్యలో వదిలేసి కూర్చోవడం ఎవరికీ మనసొప్పలేదు. నలభై మందీ దిగారు. కిటికీలోంచి గుమాస్తా మేడమ్ చూసేసరికి ముందు ఖాకీ చొక్కాలో డ్రైవరు, వెనక చేతులూపుకుంటూ నలభై మంది. ఆవిడ ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇలాంటి ధర్నాలు చాలానే చూసింది. షట్టరు కిందికి లాగేసింది. టైము పన్నెండు యాభై.

షాపాయన షట్టరు తట్టాడు. ధర్నా కాదని అరిచాడు. వెనక నలభై మంది కూడా ధర్నా కాదని అరిచారు. అది అచ్చం ధర్నాలాగే వినిపించింది.

అప్పుడు జనాన్ని రెండు మోచేతులతో తోసుకుంటూ షాపాయన తల్లి వచ్చింది. చంకలో దిండు గలీబు. షట్టరు దగ్గర నోరు పెట్టి, "అమ్మాయ్, నేను ముసల్దాన్ని, ఒక్కదాన్నే వచ్చాను, తియ్యి" అంది. షట్టరు జానెడు లేచింది. ఆవిడ గలీబులోంచి పద్నాలుగు కాగితాలు తీసి ఆ సందులోంచి తోసింది. మెత్తటి, నలిగిన, ప్లాస్టిక్ లేని అసలు కాగితాలు.

"మరి మేం తెచ్చినవి?" అన్నాడు కొడుకు.

"కలర్ జిరాక్సులు. సంచి నా మంచం కింద పెట్టిన రోజే మార్చేశాను. కాగితం చేతికిస్తే నువ్వేం చేస్తావో నాకు తెలీదూ? మీ నాన్న ఉత్తరాలన్నిటికీ తొడుగులేశావు. చదువుకోడానికి బాగానే ఉన్నాయి. చెయ్యేస్తే మాత్రం ప్లాస్టిక్కే తగుల్తుంది."

షాపాయన తల దించుకున్నాడు. వెంటనే ఎత్తాడు. "జిరాక్సు ఎక్కడ తీయించావు?"

"ఎదురు షాపులో."

టీచరు అత్తగారి చెయ్యి పట్టుకుంది. తెలిసీ ఎందుకు అడగలేదని ఏడుపూ నవ్వూ కలిపి అడిగింది.

"ఇంటి లోనుకి గర్భసంచి స్కానింగు దేనికా అనుకున్నాను. మీరు చెప్పేదాకా అడక్కూడదని ఒట్టేసుకున్నాను. రెండు రోజులు నోరు కట్టుకోవడం ఇంత కష్టమని తెలిస్తే ఒట్టే వేసుకునేదాన్ని కాదు."

షట్టరు పూర్తిగా లేచింది. గుమాస్తా మేడమ్ పెళ్లి సర్టిఫికెట్ మీద ముద్ర కొట్టి బొటనవేలితో తుడిచింది. ఈసారి ప్రభుత్వం నిలబడింది. పద్నాలుగు ముద్రలూ పడ్డాక ఆవిడ మామూలు గొంతుతోనే చెప్పింది, మోసే ఆవిణ్ణి అధికారి ఎదుట విచారించాలి, దానికి నోటీసు పంపుతారు, పదిహేను రోజులు పడుతుంది అని.

వదినగారికి మిగిలినవి పదకొండు. ఫైలు సవ్యంగా ఇచ్చి, పదిన్నరకు రసీదు పుచ్చుకుని, పదకొండుకు షాపు తెరిచి ఉంటే ఈ ముక్క వాళ్లకు నోటీసు వచ్చాకే తెలిసేది.

"నోటీసెందుకు," అంది వదినగారు ముందుకొచ్చి. "నేనిక్కడే ఉన్నాగా. తొందరగా అడగండి, నా ప్యాసింజర్లు ఎండలో ఉన్నారు."

మనిషి ఎదురుగా ఉంటే నోటీసు అక్కర్లేదన్న నిబంధన ఎక్కడో ఉందని మేడమ్ పుస్తకం తిరగేసి కనుక్కుంది. ఇంతవరకు ఎవరూ ఎదురుగా ఉండలేదట. అధికారి గదిలోంచి వచ్చి, ఎవరైనా బలవంతపెట్టారా అని అడిగాడు.

"నన్ను బలవంతపెట్టి ఎవరూ స్టాపు కానిచోట బస్సు కూడా ఆపించలేరు సార్," అంది వదినగారు. బయటినుంచి నలభై మంది అది నిజమేనని సాక్ష్యం చెప్పారు.

మూడున్నరకు అనుమతి పత్రం వచ్చింది. షాపాయన చెయ్యి చాపాడు. అతని భార్య, తల్లి, గుమాస్తా మేడమ్ ముగ్గురూ ఒకేసారి అడ్డు పడ్డారు. పత్రం దిండు గలీబులోకి వెళ్లింది.

మరుసటి ఏడాది ఆడపిల్ల పుట్టింది. అమ్మా అంటే ఇద్దరు పలుకుతున్నారు. షాపాయన ఆ పిల్లను ఎత్తుకుని ఎదురు షాపు వైపు మాత్రం చూడకుండా బజారంతా తిరుగుతాడు. పిల్ల జనన ధ్రువపత్రం ఇంట్లోనే భద్రంగా ఉంది, ఎక్కడుందో అతనికొక్కడికే తెలియదు.