మోతి మనశ్శాంతి పట్టీ

మనుషుల మనసులు బాగుచేసే పని దాదాపు పూర్తయినందున, నాచారంలోని మా అపార్ట్‌మెంట్ సంఘం పెంపుడు జంతువుల మనసుల మీద దృష్టి సారించింది. (మనుషుల పని ఎప్పుడు పూర్తయిందని అడగకండి. మినిట్స్ పుస్తకంలో ఉంది.)

వెంటనే పెంపుడు జంతువుల మానసిక క్షేమ ఉపసంఘం ఏర్పడింది. కన్వీనర్ ఉప్పలయ్య గారు. ముప్పై నాలుగేళ్లు ఏదో ఆఫీసులో ఫైళ్లు చూసి రిటైరైన మనిషి. పుట్టి బుద్ధెరిగి ఒక్క కుక్కనూ పెంచలేదు కనుక పక్షపాతానికి ఆస్కారం లేదని ఏకగ్రీవంగా ఎన్నుకున్నాం. ఆయన ప్రతి జంతువుకూ ఒక మెడపట్టీ తెప్పించారు. అది తనను కట్టిన జంతువు చప్పుడు మాత్రమే విని ఆయన ఫోనుకు కబురు పంపుతుంది. ప్రశాంతంగా ఉంటే ఆకుపచ్చ దీపం, దుఃఖంలో ఉంటే ఎరుపు. మూడు ఎరుపులు పడితే ఆ జంతువును బోడుప్పల్‌లోని విశ్రాంతి కేంద్రానికి పంపించేయాలి. ఎన్నాళ్లకు? విశ్రాంతి తీరేదాకా.

మా ఇంట్లో ఒక చేప ఉండేది. దానికి మెడ దొరక్క పట్టీని గాజు తొట్టికి కట్టారు. సోమవారం చేప చచ్చిపోయింది. గురువారం పత్రం వచ్చింది: ప్రశాంతత నూటికి నూరు. మా వంశంలో నూటికి నూరు ఎవరికొచ్చింది గనక? ఫ్రేము కట్టించి గోడకు తగిలించాను.

అసలు గొడవ మా ఎదురు ఫ్లాట్‌లో మొదలైంది. ఎబినేజర్ ఇక్కడే ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. భార్య హన్నా హబ్సిగూడలో ఒక హాస్టల్లో వంట చేస్తుంది. వాళ్ల కుక్క మోతి. వానలో తడుస్తూ ఫ్యాక్టరీ గేటు దగ్గర దొరికితే ఎబినేజర్ టిఫిన్ సంచిలో వేసుకొచ్చాడు. రోజూ సాయంత్రం ఏడింటికి వాళ్లింట్లో కుటుంబ ప్రార్థన. హన్నా కీర్తన ఎత్తుకోగానే మోతి చాప మీదికొచ్చి కూర్చుని, మూతి పైకెత్తి, తోకాడిస్తూ గొంతు కలుపుతుంది. (శ్రుతి విషయంలో ఎబినేజర్ కంటే అదే నయం.)

పట్టీకి ఆ ఊళ దుఃఖంగా వినబడింది. రెండు రోజుల్లో రెండు ఎరుపులు. ఎబినేజర్ గాభరాగా ఉప్పలయ్య గారింటికి పరుగెత్తాడు. సాక్ష్యానికి నన్నూ లాక్కెళ్లాడు.

"సార్, అది ఏడుస్తలేదు. పాట పాడుతున్నది."

"యాప్‌ల పాట అనే గడి లేదు ఎబినేజర్. ఏడుపున్నది, మొరుగుడున్నది, గురకున్నది. ఏ దాంట్ల ఎయ్యమంటవు?"

"తోక గూడ ఊపుతది సార్. జర వచ్చి సూడున్రి."

"తోక ఊపితే సప్పుడొస్తదా? సప్పుడు రాంది పట్టీకి ఎట్ల తెలుస్తది?"

దుఃఖానికి కారణం కీర్తనే అని తేల్చి, దాన్ని వెంటనే ఆపాలని ఆయన రాతపూర్వకంగా ఆదేశించారు. ఇంకొక్క ఎరుపు పడితే మోతి పోతుంది. పాపం, ఆ రోజు నుంచి వాళ్లు గుసగుసగా ప్రార్థన చేసుకున్నారు. మోతి ఏడింటికి చాప మీదికొచ్చి హన్నా నోటివంక చూసేది. నాలుగో రోజు నుంచి మంచం కిందే ఉండిపోయింది.

వారం తిరగ్గానే ఉప్పలయ్య గారు స్వయంగా అభినందించడానికి వచ్చారు. వారమంతా ఆకుపచ్చే!

"అన్నా, మూడు దినాల సంది ముద్ద ముడ్తలేదు. పిలిస్తే తల గూడ ఎత్తుతలేదు," హన్నాకు ఏడుపు ఆగలేదు. "ఇదేం శాంతి?"

"తిండి మా కిందికి రాదు చెల్లె. మాది మనసు."

ఆయన మెట్లు దిగాక హన్నా కొంగుతో కళ్లు తుడుచుకుని మా ఇంట్లోకి తొంగిచూసింది.

"అన్నా, మీ చేపకు నూటికి నూరు ఎట్లొచ్చింది?"

"సచ్చిపోయింది చెల్లె."

ఆమె వెంటనే ఇంట్లోకెళ్లింది. మోతి మెడలోని పట్టీ విప్పి తెచ్చి మా ఖాళీ తొట్టికి గట్టిగా కట్టేసింది. ఆ సాయంత్రం ఏడింటికి గొంతెత్తి కీర్తన అందుకుంది. మంచం కింది నుంచి మోతి దూకి వచ్చింది చూడండి, ఆ ఊళకు మూడంతస్తులూ అదిరాయి. పాటయ్యాక గిన్నెడు పెరుగన్నం నాకేసింది. నాకైతే ప్రాణం లేచొచ్చింది.

రెండో రోజు అదే వేళకు ఉప్పలయ్య గారు మా వరండాలో నిలబడి విన్నారు. ఫోను చూశారు. ఆకుపచ్చ. చెవి రుద్దుకుని మళ్లీ చూశారు. మళ్లీ ఆకుపచ్చే.

"మీకేమన్న ఇనబడ్తుందా?" అని నన్నడిగారు.

లేదని చెప్పాల్సింది. నా నోరు ఊరుకోదు కదా!

"ఇనబడ్తుంది సార్. మోతి పాడుతున్నది."

"మోతి ప్రశాంతంగున్నది. గిదో, సూడున్రి. లేని సప్పుడు ఇనబడ్తుందంటే మీ మనసుకే ఏందో అయింది."

ఆదివారం మీటింగులో, లేని ఊళలు వినబడే నివాసులకూ పట్టీలు కట్టాలని తీర్మానించారు. వినబడుతోందని ఒప్పుకున్నవాణ్ని నేనొక్కణ్నే. మొదటి రోజు అరిచాను: ఎరుపు. రెండో రోజు నిదానంగా వివరించాను: ఎరుపు. మూడో రోజు నుంచి నోరు తెరవలేదు.

నిన్న నా పత్రం వచ్చింది. ప్రశాంతత నూటికి నూరు. చేప పత్రం పక్కనే మేకు కొట్టాను.