పథ్యం సారు వెంట్రుకలు

ఆ పొద్దున పథ్యం సారు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య స్నానానికి వెళ్లగానే ఆమె దువ్వెనకు చిక్కుకున్న వెంట్రుకలు లాగి, పొట్లం కట్టి, జేబులో వేసుకోవాలి. అంతే. కట్టుకున్న పెళ్లాం తలవెంట్రుకలు దొంగిలించడానికి ఇంత చెమట పడుతుందని మాత్రం ఆయన అనుకోలేదు.

మనుషుల వెంట్రుకల్లో పాదరసం కొలిచే ల్యాబుకు ఆయన పెద్ద. ఏడాది కిందట కాలి బొటనవేలు వంకాయలా వాస్తే, ఇక చేప ముట్టొద్దని డాక్టరు చెప్పాడు. ఆయన భార్య ఎదుట ఒట్టేశాడు. లెక్కల టీచరైన ఆవిడ, "మీరు మానేస్తే నేనూ మానేస్తా" అని తోడు ఒట్టు వేసింది. సారుగారి ఒట్టు ఇంటి గడప దాకా బాగానే నడిచింది. గడప దాటాక దానికి కాళ్లు రాలేదు. ల్యాబు వెనక సందులో ఉన్న హోటల్లో మధ్యాహ్నం వేయించిన చేప లాగించి, మూతి కడుక్కుని వచ్చి, పథ్యం ఎంత గొప్పదో కిందివాళ్లకు ఉపన్యాసం ఇచ్చేవాడు. ఆ పేరు అలా వచ్చింది.

చిక్కంతా తనిఖీతో వచ్చింది. ల్యాబుకు గుర్తింపు ఇవ్వాలో వద్దో తేల్చే మేడం ఆ రోజే వస్తోంది. ఆవిడ కళ్లముందు రెండు వెంట్రుకల నమూనాలు పరీక్షించాలి. ఒకటి చేప తినే మనిషిది, ఒకటి తిననివాళ్లది. చేపలోని పాదరసం తిన్నవాడి వెంట్రుకల్లో తేలక మానదు. "తినేవాణ్ణి నేను. తిననివాడు మా బావ. ఇంకెవర్నో వెతకడం దేనికి?" అని బావమరిది ముందురోజే చాటింపు వేసేశాడు. అతను సారు భార్యకు సొంత తమ్ముడు, పైగా అదే ల్యాబులో ఉద్యోగి. అతని చెవిన పడింది సాయంత్రానికల్లా అక్క చెవిన పడుతుంది. కాబట్టి సారుగారు ఒట్టు తప్పని తల కోసం ఇల్లంతా చూశాడు. ఉన్నది ఒక్కటే.

ల్యాబులో తలుపేసుకుని, ఆ పొడుగు వెంట్రుకలను తన క్రాపు సైజుకు ముక్కలు చేసి, తన పేరే రాసి ఇచ్చాడు. మేడం వచ్చింది. వెంట్రుకలను కడిగి, కరిగించి, ముందు మొత్తం పాదరసం ఎంతుందో చూశారు. తెర మీద అంకెలు చూసి బావమరిది మొహం పాలిపోయింది.

"బావా! రోజూ చేప తినే నాకంటే నీకు రెట్టింపు ఉందేంటి?"

"యంత్రం... సరిగ్గా వేడెక్కలేదేమో."

"యంత్రానికేం రోగం? తినని మనిషికి ఇంత వచ్చిందంటే గాల్లోంచే వచ్చుండాలి. ల్యాబులో ఎక్కడో పాదరసం ఒలికింది! అందరూ బయటికి నడవండి!"

ఇక చూడాలి. కిటికీలు బార్లా తెరిచారు. ఒలికిన పాదరసాన్ని పట్టేస్తుందని ఎవరో గంధకం పొడి తెచ్చి మూలమూలనా చల్లారు. గుమాస్తా తనకు నెల నుంచీ నోరు చేదుగా ఉందన్నాడు. స్టోరు కీపరు, తాను ఉద్యోగంలో చేరిన కొత్తలో థర్మామీటరు పగలగొట్టి బీరువా కింద దాచానని ఏడుస్తూ ఒప్పుకున్నాడు. నలుగురూ కలిసి సారును వసారాలో బెంచీ మీద పడుకోబెట్టి, ఒక బూటు విప్పి, విసరసాగారు. బావమరిది అప్పటికే ఫోనులో అరుస్తున్నాడు. "అక్కా, కంగారు పడకు గానీ, బావ ఒంటినిండా పాదరసం!"

కంగారు పడనిది ఒక్క మేడమే. "ఎంత ఉందని గోల పెడితే ఏం లాభం? ఏ రూపంలో ఉందో చూడండి. గాలిలో పీల్చింది వేరు, చేపలోంచి వచ్చింది వేరు" అని లోపలికి దారి తీసింది. దానికి ముందే నమూనాలో ఐసోటోపు పాదరసం, అంటే బరువు తేడాతో గుర్తుపట్టగలిగే పాదరసం, తూచి కలిపి పెట్టారు. ఊరేగింపులో జనాన్ని లెక్కించడానికి ఎర్రచొక్కాలు తొడిగినవాళ్లను లెక్కపెట్టి లోపలికి పంపినట్టన్న మాట. ఎర్రచొక్కాలు ఎంతమందిలో కలిశాయో చూస్తే జనం లెక్క తేలుతుంది. దారిలో ఎవడైనా వేషం మార్చినా దొరికిపోతాడు.

బెంచీ మీద పడుకున్న సారుకు అప్పుడు తట్టింది. ఆ వెంట్రుకలు తనవి కావు. ఆవిడ ఒట్టు తప్పే మనిషి కాదు. మరి ఆ పాదరసం ఎక్కడిది? బడిలో ఏదైనా ఒలికిందా?

అంతలో సుద్దపొడి చేతులతో భార్య పరుగెత్తుకొచ్చింది. "ఏమండీ! ఎలా ఉంది మీకు?"

"నాకేం లేదు గానీ, నీకు తల తిరుగుతోందా? వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయా?"

"జబ్బు మీకొస్తే నన్నడుగుతారేంటి? తమ్ముడూ, మీ బావకు మతి కూడా పోయిందిరా!"

"ముందు డాక్టరు దగ్గరికి నువ్వు నడువు!"

"నేనెందుకండీ?"

నిజం చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే మనిషే పోతుందేమో. సారు లేచి కూర్చుని కళ్లు మూసుకున్నాడు. "ఆ వెంట్రుకలు నావి కావు, నీవి. పొద్దున నీ దువ్వెనలోంచి తీశాను. నావి ఇస్తే చేప బయటపడుతుందని. రోజూ మధ్యాహ్నం తింటూనే ఉన్నాను. తిట్టుకో, కానీ పద!"

వసారాలో విసనకర్రలు ఆగిపోయాయి. తమ్ముడు మెల్లగా గేటు వైపు జరగసాగాడు.

తెరిచిన కిటికీలోంచి ఈ మాటలన్నీ విన్న మేడం అప్పుడే తెల్లటి నవ్వుతో బయటికొచ్చింది. "భయం లేదు. దాదాపు అంతా మిథైల్ రూపమే. అంటే శుద్ధంగా చేపే! పెద్ద చేపలు, అదీ తరచుగా. కాస్త తగ్గిస్తే సరి. ఈ వెంట్రుకలవారు ఎవరో గానీ, మంచి రుచి తెలిసిన మనిషి."

అందరి కళ్లూ టీచరమ్మ మీదికి తిరిగాయి. ఆవిడ కళ్లు మాత్రం గేటు దగ్గరి తమ్ముడి మీద ఉన్నాయి.

"నన్ను చూస్తావేంటక్కా? డబ్బాలో చేప తెచ్చిమ్మన్నది నువ్వేగా!"

"మరి ఒట్టు?" అన్నాడు సారు, ఒంటి బూటుతో నిలబడి.

ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని, లెక్క తప్పిన పిల్లాణ్ణి చూసినట్టు చూసింది. "మీరు మానేస్తే నేను మానేస్తానన్నాను. మీరు మానేశారా?"

"అది నీకు ఇప్పుడేగా తెలిసింది!"

"ఎప్పుడు తెలిస్తేనేం, లెక్క సరిపోయిందిగా? పైగా నా బొటనవేలేం వాచలేదు."

వెంట్రుకలు ఎవరివైనా కొలత తప్పలేదు కాబట్టి ల్యాబుకు గుర్తింపు వచ్చింది. ఆ ఇంట్లో ఇప్పుడు నగలు బల్ల మీదే పడి ఉంటాయి. దువ్వెనలు మాత్రం బీరువాలో, తాళం వేసి.