పందేల మోటారు బరువు తగ్గించిన వైనం

మా మోటారుకి తలుపులు ఎందుకు లేవని టెక్కలి వచ్చిన ప్రతి చుట్టమూ అడుగుతాడు. తలుపులు ఊడదీయించింది నేనే. ఎందుకో చెబుతాను. మధ్యలో నవ్వు వస్తే నవ్వుకోండి. మా ఇంట్లో నవ్వడం ఎప్పుడో అయిపోయింది.

జర్మనీ యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు ఒక దొర సీమకు వెళ్లిపోతూ తన మోటారు అమ్ముతున్నాడని తెలిసింది. అది మద్రాసులో పందేలకు దిగిన మోటారట. ఇద్దరికే చోటు. అప్పటికే పాతది. చూసి వద్దామని వెళ్లి, కొనుక్కుని వచ్చాను. నాది వడ్ల వ్యాపారం. వడ్లైతే గుప్పెడు తీసి, ఊది, ఒక గింజ కొరికి చూసి గాని బేరం ఆడను. మోటారుని కొరకడం కుదరలేదు.

ఇంటికి తెచ్చిన రోజున మా ఆవిడ రత్నాలమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగింది. ఆమె నా మేనమామ కూతురు. చిన్నప్పటి నుంచి నన్ను బావా అనే పిలుస్తుంది. చిన్నప్పటి నుంచి నేను చేసిన పనులన్నీ ఆమెకు గుర్తే.

“ఇందులో ఎంతమంది కూసుంటారు బావా?”

“ఇద్దరు.”

“ఇద్దరికి ఇంత ఇనుమేటి?”

“పందేల మోటారే అది. గాలిలా పోతాది.”

“ఎక్కడికి?”

ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. అందుకని ఉద్దానం తీసుకెళ్లాను.

మా మామ ఉద్దానంలో కొబ్బరితోటల రైతు. పేరు సన్యాసి. పిల్లలు ఏడుగురు. ఆయన ఊరు వెళ్లాలంటే పూండి దాకా రోడ్డుంది. పూండి దాటాక సముద్రం వైపు ఇసుక దారి. మోటారు రోడ్డు మీద పరిగెత్తింది, ఇసుకలో కూర్చుంది. చక్రాలు తిరుగుతున్న కొద్దీ మోటారు కిందికి దిగింది. చివరికి మా బావమరిది పోలారావు ఎడ్లను తోలుకొచ్చి, మోటారు ముక్కుకి మోకు కట్టాడు. నేను స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. ఊరి జనం దారికి రెండు పక్కలా నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు. ఎడ్లను మాత్రం మెచ్చుకున్నారు.

భోజనాల దగ్గర పోలారావు పందెం వేశాడు.

“బావా, గంగమ్మ సంబరానికి ఎడ్లు నేకుండా ఈ మోటారుని మా గుమ్మంలోకి తే. తెత్తే పూండి కాడ నుంచి డప్పు కొట్టించుకుంటూ నీ ముందర నాను నడుత్తాను. తేలేకపోతే మోటారు ఇక్కడ ఒగ్గెయ్. మా గొడ్లకి కుడితి తొట్టి కావాల.”

“సరే” అన్నాను. అందరూ విన్నారు.

“సరే అనీసినావేటి?” అంది రత్నాలమ్మ తిరుగుదారిలో. పూండి వరకూ తిరుగుదారిలోనూ ఎడ్లే.

“ఇది బరువెక్కువై దిగబడిందే. బరువు తగ్గిత్తే ఇసక మీద కోడిలా పరిగెడతాది.”

“తగ్గించడం మోటారుతోనే మొదలెట్టాలా?” అని ఆమె నా బొజ్జ వైపు చూసింది.

ఆ మాట పట్టుకుని రాత్రి భోజనం మానేశాను. దాంతో పగటి భోజనం రెట్టింపైందని రత్నాలమ్మ తేల్చింది. ఇక మోటారు మీదే పడ్డాను.

కమ్మరి సోములుని పిలిపించి ముందు తలుపులు ఊడదీయించాను. వడ్ల కాటా మీద పెట్టి తూచాను. అర బస్తా బరువు తూగాయి. నాకు ఉత్సాహం వచ్చింది. తరవాత పైన గుడ్డ, దాని కమ్మీలు.

“ఎండో?” అంది రత్నాలమ్మ.

“రావివలస మల్లన్న కప్పు వద్దని ఎండలోనే ఉన్నాడు కదేటి.”

“ఆయన దేవుడు బావా. నీకు వడదెబ్బ తగుల్తాది.”

తరవాత రెండో సీటు తీయించాను.

“మరి నాను?”

“నువ్వు బండిలో వచ్చీ.”

“అంటే నాను బరువా?”

అప్పుడు కాటా వైపు చూడకుండా ఉండవలసింది. చూశాను.

తరవాత కొన్నాళ్లు మా ఇంట్లో పప్పులో ఉప్పు లేదు. అడిగితే, బరువు తగ్గించానంది.

ఒకనాడు తనే కొట్టంలోకి వచ్చింది. సోములు చేసిన పనంతా చూసింది. మోటారు వెనక గుండ్రంగా ఉన్న రేకు మీద వేలితో కొట్టింది.

“ఈ డొప్ప ఎందుకు బావా? ఇదీ బరువే కదా.”

నాకు ఆ ఆలోచన రాలేదు. వెంటనే కోయించాను.

“ఖాళీగా ఒగ్గెయ్యకు. తేలిక పలకొకటి పరిపించు. సుట్టూ ఎదురుబద్దల దడి కట్టించు.”

“దడెందుకు?”

“అందానికి.”

భార్య కోపం మాని భర్త పనిలో చెయ్యి వేస్తే ఎవరికైనా సంతోషమే. పలక ఎంత ఉండాలో ఆమే జానలతో కొలిచి సోములుకి చెప్పింది. దడి ఎత్తు కూడా ఆమే చెప్పింది.

ఇక నా సిద్ధాంతం. బండికి ఎడ్లు ముందుంటాయి. మోటారుకి ఇంజను ముందుంది. కాబట్టి లాగేది ముందే. బండిలో బరువంతా వెనక వేస్తే కాడి పైకి లేస్తుంది, ఎడ్లకు పట్టు చిక్కదు. బండి తోలిన ఎవరికైనా ఇది తెలుసు. అందుకని మోటారు వెనక ఉన్నదల్లా తీయించాను. తీయడానికి వీల్లేని పెట్రోలు డబ్బాలు, పనిముట్లు, అదనపు చక్రం ముందుకి జరిపించాను. ఇదంతా రత్నాలమ్మకు వివరించాను.

“ఊఁ” అంది.

ఆమె ఊఁ అంటే అక్కడ ఆగి ఎందుకని అడగాలి. ఇన్నేళ్ల కాపురంలో అది నేర్చుకోలేదు.

సంబరానికి ముందురోజే ఆమె బండిలో పుట్టింటికి వెళ్లింది. మర్నాడు నేనొక్కడినే బయల్దేరాను. టెక్కలి నుంచి పూండి దాకా నన్ను ఎవరూ దాటలేదు. గాలి మాత్రం తలుపులుండే చోట ఒకవైపు నుంచి వచ్చి రెండోవైపు నుంచి పోయింది. పూండి చేరేసరికి కుడితి తొట్టి సంగతి మరిచిపోయాను.

ఇసుక మొదలయ్యే చోట పోలారావు భుజాన మోకుతో నిలబడి ఉన్నాడు. పక్కన డప్పులవాళ్లు. చేపల గంపలు దించుకుని మత్స్యకారుల ఆడవాళ్లు కొందరు. నేను ఆపకుండా ఇసుకలోకి తోలాను. మోటారు తన పొడుగంత దూరం వెళ్లి ఆగింది. వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. ఇసుక లేచి గంపల మీద పడింది. ఆ ఆడవాళ్లు అన్న మాటలు ఇక్కడ రాయను.

ఇంకా బరువుందని నాకు తోచింది. దిగి కోటు విప్పాను. బూట్లు విప్పాను. తలపాగా తీశాను.

“పంచె ఉంచుకో బావా” అన్నాడు పోలారావు. “ఆడోళ్లున్నారు.”

మళ్లీ ఎక్కి తోలాను. ఇంకొంచెం దిగింది. పోలారావు మోకు విప్పడం మొదలుపెట్టాడు. కష్టపడి తేలిక చేసిన మోటారులో గొడ్లు మూతి పెట్టి కుడితి తాగడం నా కళ్లకు కనిపించింది.

అప్పుడు ఊరి వైపు నుంచి మామ కొబ్బరికాయల బండి వచ్చింది, వెనకే మామ. కాయలు స్టేషనుకి వెళుతున్నాయి. వాటి మీద రత్నాలమ్మ కూర్చుని ఉంది. దిగి, చక్రాల వైపు చూసి, బండివాళ్లతో అంది:

“కాయలు మోటారులో ఎయ్యండర్రా. ఎనక పలక మీద.”

“రత్నాలూ, నీకేటి మతి పోయిందా? బరువు తగ్గించడానికి నెలలు పట్టినాది నాకు.”

“మన ఈదిలో మోటారు తీసినప్పుడల్లా బురద ఎవరి మీద పడ్డాది బావా? ఎనకాల నిలబడ్డ నా మీద. ముందు చక్రం ఏనాడైనా సుక్క ఎగరేసిందా? తన్నేవి ఎనక కాళ్లు. అవి ఆనాలంటే వాటి మీద బరువుండాల.”

“ఇది పందెంలో నేదప్పా” అన్నాడు పోలారావు అక్కతో.

“ఎడ్లు ఉండకూడదన్నావు. కాయలు ఉండకూడదని ఎప్పుడన్నావురా?”

పోలారావు మోకు మళ్లీ చుట్టుకున్నాడు.

చక్రాల కింది ఇసుక తోడారు. కాయలు వేశారు. పలక నిండింది, దడి అంచు దాకా వచ్చాయి. ఒక్క కాయ కింద పడలేదు. అందానికి కట్టిన దడి ఇంత పనికొస్తుందని నేను అనుకోలేదు. ఆ మాట పైకి కూడా అన్నాను. మామ నా వైపు జాలిగా చూశాడు.

ఇంజను తిప్పాను. మోటారు మూలిగింది, ఊగింది, కదిలింది. నడక కంటే కొంచెం వేగంగా వెళ్లింది గాని ఎక్కడా ఆగలేదు. ముందు డప్పులు, డప్పుల ముందు పోలారావు. అలా పందెం గెలిచి మామ గుమ్మంలోకి వచ్చాను. మోటారు నాకు దక్కింది. ఊరి జనం వచ్చి చుట్టూ మూగారు. నన్నెవరూ పలకరించలేదు. కాయలు ఎన్ని పట్టాయని మామని అడిగారు.

సాయంత్రం రత్నాలమ్మని పక్కకు పిలిచాను.

“ఈ కాయల సంగతి ఎప్పుడనుకున్నావు?”

“నువ్వు కాటా వైపు సూసినప్పుడు.”

“ముందే సెప్పొచ్చు కదేటి.”

“సెప్తే డొప్ప ఉంచేద్దువు. అది ఉంటే కాయలెక్కడ పడతాయి?”

మర్నాడు నేను స్నానం చేసి వచ్చేసరికి మోటారు వెనక మళ్లీ కాయలు నింపేశారు. నిన్న స్టేషనుకి వెళ్లవలసినవే.

“మావా, నాను టెక్కలి ఎల్లాల. ఇవి దింపించు.”

“దింపించేత్తాను అల్లుడూ. అదేటంత పని” అన్నాడు మామ. “ఖాళీగా ఎల్లగలవా?”

నేను ఇసుక దారి వైపు చూశాను.

“పోన్లే, పూండి దాకా తీసుకెల్తాను. మళ్లీ వచ్చేటప్పుడు మాత్రం…”

“వచ్చేటప్పుడు బియ్యం ఏసుకొత్తావు” అంది రత్నాలమ్మ. “ఖాళీగా వత్తే ఇసకలో దిగబడిపోవా?”

అప్పుడు లెక్క పూర్తిగా అర్థమైంది. నేను అంత శ్రద్ధగా తేలిక చేసిన మోటారు ఖాళీగా ఆ ఊరు రావడమూ కుదరదు, ఖాళీగా ఆ ఊరి నుంచి పోవడమూ కుదరదు. నేను అత్తారింటికి వచ్చినా, అక్కడి నుంచి వెళ్లినా, ఎవరిదో ఒకరి సరుకు మోయాలి. ఆ ఎవరో ఒకరు మా మామే.

పూండి స్టేషనులో కూలీలు కాయలు దించుతుంటే గూడ్సు గుమాస్తా బయటికి వచ్చాడు. మోటారుని ముందు నుంచి చూశాడు, వెనక నుంచి చూశాడు.

“మోటారు తమరిదేనాండి?” అన్నాడు.

దడికి అంటుకున్న కొబ్బరి పీచు దులిపాను.

“తోలేది నేను” అన్నాను.